పుట్టినరోజులు పట్టని తొలి క్రైస్తవులకు డిసెంబర్ 25 ఎలా వచ్చింది

క్రీ.శ. 354లో రోమ్ నగరంలో వాలెంటైనస్ అనే సంపన్న క్రైస్తవుడి కోసం ఒక పుస్తకం తయారైంది. అందమైన అక్షరాలకు పేరు పొందిన ఫిలోకాలస్ దాన్ని రాసి ఇచ్చాడు. మన ఇళ్లలో గోడకు తగిలించే పంచాంగం క్యాలెండర్‌లా అందులో అన్నీ ఉన్నాయి. నగరపు పండగలు, రథాల పందేలు జరిగే రోజులు, చక్రవర్తుల పుట్టినరోజులు, అధికారుల జాబితాలు, రోమ్ బిషప్‌లు చనిపోయిన తేదీలు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల వర్ధంతులు. ఆ హతసాక్షుల జాబితాలో మొట్టమొదటి వరుస మాత్రం మరణం గురించి కాదు. జనవరి ఒకటితో కలిపి వెనక్కి లెక్కపెడితే వచ్చే ఎనిమిదో రోజున యూదయలోని బేత్లెహేములో క్రీస్తు పుట్టాడని ఆ వరుస చెబుతుంది. అంటే డిసెంబర్ 25. క్రిస్మస్‌కు ఆ తేదీ ఉందని చెప్పే ఆధారాల్లో, ఎవరూ కాదనలేనివాటిలో మొదటిది ఇదే.

పుస్తకం 354 నాటిదే అయినా ఆ జాబితా అంతకంటే పాతది. ఎంత పాతదో పక్కనే ఉన్న బిషప్‌ల జాబితా చెబుతుంది. అందులో పేర్లు సంవత్సరాల వరుసలో ఉండవు, తేదీల వరుసలో ఉంటాయి. డిసెంబర్ 27తో మొదలై, ఏడాదంతా తిరిగి, డిసెంబర్ 8తో ముగుస్తాయి. 335 డిసెంబర్ 31న చనిపోయిన సిల్వెస్టర్ పేరు ఆ వరుసలో తన చోట తాను ఉంది. 336 అక్టోబర్‌లో చనిపోయిన మార్క్ పేరు మాత్రం అక్టోబర్ దగ్గర లేదు. వరుస అంతా అయిపోయాక చివర్లో చేర్చినట్టు ఉంది. అంటే మొదటిసారి రాసేనాటికి సిల్వెస్టర్ పోయాడు, మార్క్ ఇంకా బతికే ఉన్నాడు. అందుకే ఈ జాబితాలను 336 నాటివిగా లెక్కగడతారు. ఇంకో విషయం కూడా ఉంది. రెండు జాబితాలూ డిసెంబర్ 25నే ఏడాదికి మొదలుగా పెట్టుకుని నడుస్తాయి. అప్పటికే రోమ్ సంఘం తన సంవత్సరాన్ని ఆ రోజు నుంచి లెక్కించుకుంటోందన్నమాట.

యేసు సిలువ మరణం నుంచి ఈ జాబితా దాకా సుమారు 300 ఏళ్లు. ఆ మూడు వందల ఏళ్లలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. ఏటా డిసెంబర్ రాగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ ప్రసంగాల్లో దీనిమీద వాదన మొదలవుతుంది. బైబిల్లో లేని పండగ మనకెందుకని కొందరు విశ్వాసులే అడుగుతారు. అది అన్యుల సూర్యపూజ, పేరు మార్చి తెచ్చుకున్నారని ఇంకొందరు అంటారు. మొదటి మాటలో నిజం ఉంది. రెండో మాట జనం చెప్పుకునే రూపంలో మాత్రం ఆధారాల ముందు నిలబడదు. నిలబడని కారణాలు తెలుసుకుంటే తొలి క్రైస్తవులు ఎలా ఆలోచించేవారో కూడా తెలుస్తుంది.

బైబిల్లో తేదీ లేదన్నది నిజం. నాలుగు సువార్తల్లో అన్నింటికంటే ముందు రాసినదిగా పండితులు భావించే మార్కు సువార్త యేసు బాప్తిస్మంతో మొదలవుతుంది, పుట్టుక ఊసే ఎత్తదు. యోహాను సువార్త 'ఆదియందు వాక్యముండెను' అంటూ సృష్టికి ముందుకు వెళ్తుంది తప్ప బేత్లెహేముకు వెళ్లదు. వాటికంటే ముందే ఉత్తరాలు రాసిన పౌలు యేసు స్త్రీయందు పుట్టాడన్న ఒక్క మాటతో సరిపెట్టాడు. కథ చెప్పినవారు మత్తయి, లూకా ఇద్దరే. మత్తయి చెప్పింది నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు, యూదయ రాజు హేరోదు కోపం. లూకా చెప్పింది ప్రజాసంఖ్య, సత్రంలో చోటు లేకపోవడం, పశువుల తొట్టి, రాత్రివేళ మందను కాచుకునే గొర్రెల కాపరులు. డిసెంబర్ చలిలో గొర్రెలు పొలంలో ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. ఒక్క ఆ మాటతో ఋతువును తేల్చడం కష్టం. లూకా అక్కడ తేదీ చెప్పబోవడం లేదు, ఆ వార్త మొదట ఎవరికి అందిందో చెబుతున్నాడు.

సంవత్సరం విషయంలోనూ చిక్కు ఉంది. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడన్నది ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. లూకా చెప్పిన, సిరియా అధిపతి కురేనియ కాలపు జనాభా లెక్కలు క్రీ.శ. 6లో జరిగినట్టు రోమన్ చరిత్ర చెబుతుంది. రెండూ కలవవు. ఇప్పుడు వాడుతున్న క్రీస్తు శకాన్ని 525లో డయొనీసియస్ అనే సన్యాసి రోమ్‌లో కూర్చుని లెక్కగట్టాడు. హేరోదు బతికుండగా యేసు పుట్టాడన్న మత్తయి మాటను తీసుకుంటే, క్రీస్తు పుట్టింది క్రీస్తు పూర్వమే అవుతుంది.

తేదీ తెలియకపోవడం కంటే ఆశ్చర్యం కలిగించేది, తెలుసుకోవాలన్న ఆత్రం కూడా తొలి తరాల్లో కనిపించకపోవడం. వాళ్లకు ముఖ్యమైన పండగ పస్కా. యేసు మరణం, పునరుత్థానం దాని చుట్టూ తిరిగేవి. ఆ తేదీ మీద 2వ శతాబ్దంలోనే రోమ్ సంఘానికి, ఆసియా మైనర్ సంఘాలకు పెద్ద తగువు జరిగింది. పుట్టినరోజు గురించి అలాంటి తగువు ఒక్కటీ లేదు. ఇందుకు ఒక కారణం క్రైస్తవ పండితుడు ఒరిజెన్ మాటల్లో దొరుకుతుంది. 3వ శతాబ్దం నడిమికాలంలో కైసరయలో ప్రసంగిస్తూ ఆయన, లేఖనాల్లో పుట్టినరోజు చేసుకున్నట్టు కనిపించేది పాపులే అన్నాడు. ఆదికాండంలో ఫరో తన పుట్టినరోజున భక్ష్యకారుల అధిపతిని వేలాడదీయించాడు. సువార్తల్లో, పైన చెప్పిన హేరోదు కొడుకైన మరో హేరోదు పుట్టినరోజు విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తల తెగింది. చక్రవర్తుల పుట్టినరోజులకు ఊరంతా బలులు ఇచ్చే రాజ్యంలో, ఆ బలుల్లో పాల్గొననందుకు ప్రాణాలు పోగొట్టుకున్న సమాజం పుట్టినరోజులను అనుమానంగా చూడటంలో వింత లేదు.

వాళ్లు 'పుట్టినరోజు' అన్న మాటనే తిరగేసి వాడుకున్నారు. 2వ శతాబ్దంలో స్ముర్నలో బిషప్ పోలికార్పును కాల్చి చంపారు. ఆ సంఘం రాసిన ఉత్తరం, ఆయన హతసాక్షి అయిన రోజును ఆయన పుట్టినరోజుగా ఏటా జరుపుకుంటామని చెబుతుంది. చనిపోయిన రోజే పరలోకంలో పుట్టిన రోజు. అంటే వాళ్ల దృష్టిలో జయంతి కంటే వర్ధంతికే విలువ ఎక్కువ, వర్ధంతే అసలు జయంతి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే 336 నాటి జాబితా మరోలా కనిపిస్తుంది. మరణాల జాబితాలో తలమీద ఒక పుట్టుక పెట్టారంటే అది చిన్న మార్పు కాదు.

పుట్టిన తేదీ కోసం వెతికినవారు అసలు లేరని కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్ తన కాలంలో వినిపిస్తున్న లెక్కలను రాసిపెట్టాడు. ఐగుప్తు నెలల ప్రకారం కొందరు చెప్పిన రోజు ఇప్పటి మే 20 అవుతుంది. ఇంకొందరు చెప్పినది ఏప్రిల్ 19 లేదా 20. ఇలాంటి లెక్కలు వేసేవారిది అతి ఉత్సాహమని క్లెమెంట్ తేల్చేశాడు. ఆయన చెప్పిన రోజుల్లో డిసెంబర్ 25 లేదు. బసిలీదెస్ అనే బోధకుడి అనుచరులు యేసు బాప్తిస్మాన్ని రాత్రంతా మేలుకుని పాటిస్తారని కూడా చెప్పాడు. వాళ్లలో కొందరికి ఆ రోజు జనవరి 6. ఈ తేదీ మళ్లీ వస్తుంది.

243లో ఎవరో లాటిన్‌లో పస్కా లెక్కల మీద ఒక చిన్న గ్రంథం రాశారు. రాసినవారి పేరు మిగల్లేదు. వాదన చూస్తే మన జ్యోతిష గణితం వేసే సిద్ధాంతి గుర్తుకొస్తాడు. దేవుడు లోకాన్ని సృష్టించడం వసంత విషువత్తు రోజున, అంటే పగలు రాత్రి సమానమయ్యే మార్చి 25న మొదలుపెట్టాడు. ఆదికాండం ప్రకారం సూర్యచంద్రులు వచ్చింది నాలుగో రోజు. మార్చి 25 నుంచి నాలుగో రోజు మార్చి 28. మలాకీ ప్రవక్త చెప్పిన 'నీతి సూర్యుడు' క్రీస్తే కాబట్టి ఆయన పుట్టింది సూర్యుడు పుట్టిన రోజున, మార్చి 28న. లెక్క నేటి మనుషులకు విచిత్రంగా ఉండొచ్చు. కానీ ఇందులో ఒక విలువైన సాక్ష్యం ఉంది. రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించిన ఆరేలియన్ చక్రవర్తి కాలం ఇంకా 30 ఏళ్లు ముందుంది. అప్పటికే క్రీస్తును సూర్యుడితో పోల్చి, ఆ పోలిక నుంచి పుట్టిన తేదీ తీసే అలవాటు క్రైస్తవుల్లో ఉంది. ఆ పోలికకు మూలం వాళ్ల సొంత లేఖనం.

ఇక ఆరేలియన్ సంగతి. 274లో ఆయన రోమ్‌లో 'ఓటమి ఎరుగని సూర్యుడి'కి కొత్త గుడి అంకితం చేశాడు, పూజారుల వ్యవస్థను నిలబెట్టాడు, నాలుగేళ్లకోసారి జరిగే ఆటలు పెట్టాడు. ఇంతవరకు చరిత్ర. ఆ అంకితం డిసెంబర్ 25న జరిగిందన్నది తర్వాతివాళ్ల ఊహ. ఆయన కాలపు రాతల్లో ఏదీ ఆ మాట చెప్పదు. మరి డిసెంబర్ 25న సూర్యుడి పండగ ఉందని ఎలా తెలుసు? తెలిసింది పైన చెప్పిన 354 నాటి పుస్తకంలోనే. అందులోని నగర క్యాలెండర్‌లో డిసెంబర్ 25 దగ్గర 'ఓటమి ఎరుగనివాడి పుట్టినరోజు, 30 పందేలు' అన్న అర్థంలో ఒక ముక్క ఉంది. సూర్యుడి పేరు కూడా లేదు, ఆ బిరుదు సూర్యుడిదే కాబట్టి సూర్యుడని అర్థం చేసుకుంటారు. అదే క్యాలెండర్‌లో అక్టోబర్ 19 నుంచి 22 వరకు సూర్యుడి ఆటలు నేరుగా సూర్యుడి పేరుతోనే ఉన్నాయి. సూర్యారాధనలో పెద్ద పండగ ఏదని అడిగితే, కనిపించే ఆధారం డిసెంబర్ కంటే అక్టోబర్ వైపే మొగ్గుతుంది.

ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. డిసెంబర్ 25 క్రీస్తు పుట్టినరోజు అని చెప్పే నిక్కచ్చి తొలి ఆధారం, అదే రోజు సూర్యుడి పుట్టినరోజు అని చెప్పే తొలి ఆధారం, రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. పైగా క్రైస్తవ జాబితా 336 దాకా వెనక్కి వెళ్తుంది. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో ఆ పుస్తకం చెప్పదు. క్రైస్తవులు తీసుకుని ఉండొచ్చు. క్రైస్తవుల పండగ పెరుగుతుంటే పోటీగా సూర్యుడి పందేలు ఘనం చేసి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే శీతాకాలపు రోజును ఎవరి దారిలో వాళ్లు ఎంచుకుని ఉండొచ్చు. దొంగతనం జరిగిందని అంత నమ్మకంగా చెప్పేవారి దగ్గర ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

సాటర్నేలియా మాటా అలాంటిదే. రోమన్లు శని దేవుడి పేర డిసెంబర్ 17న మొదలుపెట్టి 23 దాకా పొడిగించుకున్న పండగ అది. విందులు, కొవ్వొత్తులు, మట్టిబొమ్మల కానుకలు, యజమానులు బానిసలతో కలిసి తినడం వంటివి అందులో ఉండేవి. ఆ సందడిలో కొంత తర్వాతి క్రిస్మస్ అలవాట్లలోకి చేరి ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ 23న ముగిసే పండగ 25 అన్న తేదీని ఇవ్వలేదు. ఇంగ్లిష్ ఇంటర్నెట్ నుంచి తెలుగులోకి దిగుమతైన ఇంకో జాబితా కూడా తిరుగుతుంటుంది. రోమన్లు కొలిచిన మిత్ర, ఐగుప్తు దేవుడు హోరస్, కృష్ణుడు అందరూ డిసెంబర్ 25న పుట్టారని అది చెబుతుంది. దాని నిజాయితీని తూచడానికి తెలుగు పాఠకుడికి ఏ గ్రంథాలయమూ అక్కర్లేదు. శ్రావణ బహుళ అష్టమి ఏ నెలలో వస్తుందో ఇంట్లో అమ్మమ్మను అడిగినా చెబుతుంది. మిత్ర విషయంలోనూ ఆయన పుట్టినరోజు డిసెంబర్ 25 అని చెప్పే ప్రాచీన ఆధారం లేదు.

సూర్యుడికీ ఈ తేదీకీ సంబంధమే లేదని దీని అర్థం కాదు. జూలియన్ క్యాలెండర్‌లో రోమన్లు సంప్రదాయంగా నాలుగు మలుపులు గుర్తుపెట్టుకున్నారు. మార్చి 25 వసంత విషువత్తు, జూన్ 24 వేసవి అయనాంతం, సెప్టెంబర్ 24 శరద్విషువత్తు, డిసెంబర్ 25 శీతాకాల అయనాంతం. ఆ రోజుతో పగలు తగ్గడం ఆగి పెరగడం మొదలవుతుంది. నిజానికి 4వ శతాబ్దానికి అసలు అయనాంతం డిసెంబర్ 21 ప్రాంతానికి జరిగిపోయింది, ఎందుకంటే జూలియన్ సంవత్సరం అసలు సంవత్సరం కంటే కొద్దిగా పొడవు, సుమారు 128 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. అయినా జనం నోట పాత తేదీయే నిలిచింది. ఇది తెలుగువారికి కొత్త కాదు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో, మనం ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేసేది జనవరి 14, 15 తేదీల్లో. అక్కడ తేడాకు కారణం వేరు, ఇక్కడ వేరు. కానీ ఆకాశం జరిగినా పండగ తన చోట నిలిచిపోవడం రెండు చోట్లా ఒకటే.

ఆ నాలుగు మలుపుల్లో మార్చి 25 దగ్గరే అసలు తాళంచెవి ఉందని ఒక బలమైన వాదన. యేసు సిలువ మరణం మార్చి 25న జరిగిందని లాటిన్ క్రైస్తవులు 3వ శతాబ్దం మొదటికే నమ్మేవారు. కార్తేజ్‌కు చెందిన టెర్టూలియన్ రాతల్లో ఆ తేదీ కనిపిస్తుంది. ఇక మహాత్ముల ఆయుష్షు నిండుగా, ముక్కలు లేకుండా ఉంటుందన్న ఆలోచన యూదుల్లో ఉండేది. మోషే పుట్టిందీ పోయిందీ యూదుల అదారు నెల ఏడో రోజునేనని వాళ్ల మతగ్రంథం తల్మూదు చెబుతుంది. ఇదే ఆలోచనను క్రైస్తవులు యేసుకు అన్వయించారని ఈ వాదన చెబుతుంది. ఆయన ఈ లోకంలోకి వచ్చింది, అంటే గబ్రియేలు శుభవార్తతో మరియ గర్భం దాల్చింది, లోకాన్ని విడిచిన తేదీనే. మార్చి 25కు తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. 5వ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికా బిషప్ ఆగస్టీన్ దాదాపు ఇదే మాట రాశాడు. యేసు గర్భంలో పడిందీ మరణించిందీ మార్చి 25నేనని నమ్ముతారని, సంప్రదాయం ప్రకారం పుట్టింది డిసెంబర్ 25 అని.

ఈ వాదనకు బలం తెచ్చేది తూర్పు సంఘాల లెక్క. ఆసియా మైనర్‌లో కొందరు పస్కాను ఏప్రిల్ 6న పెట్టుకున్నారని చరిత్రకారుడు సోజోమెన్ చెబుతాడు. ఏప్రిల్ 6కు తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6. తూర్పు సంఘాలు యేసు పుట్టుకను, బాప్తిస్మాన్ని కలిపి జరుపుకున్న రోజు సరిగ్గా అదే. రెండు వేర్వేరు మరణ తేదీలు, రెండు వేర్వేరు పుట్టిన తేదీలు, రెండు చోట్లా మధ్య దూరం తొమ్మిది నెలలు. దీన్ని కాకతాళీయం అనడం కష్టం. లోపాలూ ఉన్నాయి. తల్మూదులో పుట్టుక, మరణం ఒకే రోజు కలుస్తాయి గానీ గర్భధారణ, మరణం కాదు. మేము ఇలాగే లెక్కవేసి పండగ పెట్టుకున్నామని ఆ తొలినాళ్ల క్రైస్తవులెవరూ నేరుగా రాయలేదు. జనవరి 6కు అన్యుల పండగ పోలిక కూడా ఒకటుంది. ఆ ముందు రాత్రి అలెగ్జాండ్రియాలో కోరె అనే దేవత ఐయాన్ అనే దేవుణ్ణి కన్నదని ఉత్సవం చేసేవారని 4వ శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ రాశాడు. అయినా తేదీ పుట్టిన తీరు చూస్తే, అరువు తెచ్చుకున్నారన్న వాదన కంటే లెక్క కట్టారన్న వాదనకే ఎక్కువ బరువు ఉంది. పస్కా చుట్టూ లెక్కలు వేసుకుంటూ మూడు శతాబ్దాలు గడిపిన సమాజం పుట్టిన తేదీని కూడా అదే పస్కా నుంచి తీసిందనడం వాళ్ల స్వభావానికి సరిపోతుంది.

ఈ రెండు వాదనలూ నేటి రూపానికి వచ్చింది ఒకే సంవత్సరంలో, 1889లో. జర్మనీలో హెర్మన్ ఉసెనర్ సూర్యుడి పండగ వైపు నిలబడ్డాడు, ఫ్రాన్స్‌లో లూయీ దుషేన్ లెక్క వైపు. సూర్యుడి వాదనకు అంతకంటే పాత మూలం ఉంది. 12వ శతాబ్దపు సిరియా రచయిత బార్ సలీబీ గ్రంథం అంచున ఎవరో రాసిన చిన్న వివరణ అది. పాశ్చాత్యులు జనవరి 6ను వదిలి డిసెంబర్ 25కు మారడానికి సూర్యుడి పండగ కారణమని అందులో ఉంది. ఆ వివరణ రాసినవారి తపన తూర్పు తేదీయే సరైనదని నిరూపించడం. తర్వాత ఐరోపాలో ప్రొటెస్టెంట్లు రోమ్ సంప్రదాయాన్ని ఖండించేటప్పుడు ఇదే మాట ఆయుధమైంది. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్‌ను నిషేధించింది. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు ఆ పండగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. ఇవాళ క్రైస్తవం మీద విమర్శగా చెప్పుకునే మాట మొదట ఒక క్రైస్తవ శాఖ ఇంకో శాఖ మీద వేసిన నింద అన్న సంగతి చాలామందికి తెలియదు.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రిస్మస్‌ను ఆజ్ఞ వేసి పెట్టాడన్నది ఇంకో ప్రచారం. 321లో సూర్యుడి రోజైన ఆదివారాన్ని సెలవుగా ప్రకటించింది ఆయనే. ఆయన నాణేలపై చాలాకాలం సూర్యుడు ఉన్నాడు. కానీ డిసెంబర్ 25 గురించి ఆయన పేర ఒక్క శాసనం కూడా లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఆయన సొంత రాజధానిలో ఉంది. 330లో కాన్‌స్టాంటినోపుల్‌ను ప్రతిష్ఠించాడు. ఆ నగరంలో డిసెంబర్ 25 పండగ ఆనవాలు దొరికేది 380 ప్రాంతంలో, బిషప్ నజియాంజస్ గ్రెగరీ అక్కడ ప్రసంగించినప్పుడు. చక్రవర్తి కల్పించిన పండగే అయితే ఆయన ఊరికి చేరడానికి యాభై ఏళ్లు ఎందుకు పడుతుంది? ఉత్తర ఆఫ్రికా నుంచి ఇంకో చిన్న జాడ ఉంది. అక్కడ డోనటిస్టులు అనే శాఖవాళ్లు 311 ప్రాంతంలో మిగతా సంఘం నుంచి చీలిపోయారు. వాళ్లు జనవరి 6ను పాటించడం లేదని ఆగస్టీన్ ఒక ప్రసంగంలో మందలించాడు, డిసెంబర్ 25 విషయంలో అలాంటి మందలింపు లేదు. చీలికకు ముందే ఆ పండగ ఉంది కాబట్టి ఇద్దరూ పాటించారని కొందరు పండితులు అంటారు. నిజమైతే కాన్‌స్టంటైన్ క్రైస్తవం వైపు రాకముందే క్రిస్మస్ ఉన్నట్టు.

చక్రవర్తి చేసింది వేరే పని, అది తేదీకి కాక చోటుకు సంబంధించినది. లూకా తొట్టి అన్నాడు గానీ గుహ అనలేదు. 2వ శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్, 3వ శతాబ్దంలో ఒరిజెన్ బేత్లెహేములో యేసు పుట్టిన గుహ గురించి చెప్పారు. ఆ గుహ మీద కాన్‌స్టంటైన్ గుడి కట్టించాడు. 333లో బోర్డో నుంచి వచ్చిన ఒక యాత్రికుడు ఆ గుడిని చూసి రాసుకున్నాడు. రోమ్ జాబితా 336 నాటిదని గుర్తు చేసుకుంటే, పుట్టిన చోటుకు గోడలు లేచిన కాలం, పుట్టిన రోజు జాబితాకెక్కిన కాలం ఒకే తరం అవుతాయి. ఆ తరం 325లో నైసియా సభ చూసిన తరం కూడా. కుమారుడు నిజంగా దేవుడేనా, దేవుడు నిజంగా మనిషై పుట్టాడా అన్న ప్రశ్న మీద సంఘాలు చీలిపోతున్న రోజులవి. అంతకుముందు మరణంలో వెతికిన అర్థాన్ని ఇప్పుడు పుట్టుకలోనూ వెతకాల్సి వచ్చింది. తేదీ ఎప్పటి లెక్కదైనా, అది పండగగా పాకడానికి ఊపు ఇచ్చింది ఈ వాదమే. గ్రెగరీ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ పండగను పట్టుకుని మాట్లాడిందీ కుమారుడు తండ్రితో సమానుడు కాదన్న ఆరియస్ అనుచరులతో పోరాటం మధ్యలోనే.

తూర్పున ఇది ఎంత కొత్తదో అంతియొకయలో వినిపిస్తుంది. 386లో బోధకుడు జాన్ క్రిసోస్తం అక్కడి జనంతో, ఈ రోజు మనకు తెలిసి ఇంకా పదేళ్లు కాలేదని ఒప్పుకున్నాడు. పశ్చిమాన ఎప్పటినుంచో ఉందని నచ్చజెప్పాడు. ఇంత తొందరగా పాకిందంటే దేవుడి పనే అన్నాడు, రోమ్ జనాభా లెక్కల పత్రాలు చూసుకోవచ్చన్నాడు. చివరికి లూకా సువార్త నుంచి లెక్క కట్టాడు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా దేవాలయంలో ధూపం వేసింది ప్రాయశ్చిత్త దినాన, అంటే సెప్టెంబర్‌లో. అప్పుడు అతని భార్య ఎలీసబెతు గర్భవతి. ఆరో నెలలో మరియకు శుభవార్త, అది మార్చి. తొమ్మిది నెలలకు డిసెంబర్. ఆ రోజు ధూపం వేయాల్సింది ప్రధాన యాజకుడు, జెకర్యా ప్రధాన యాజకుడని లూకా ఎక్కడా అనలేదు కాబట్టి లెక్కకు పునాది గట్టిది కాదు. అయినా ఆ ప్రసంగం చదివితే కొత్త పండగను జనం చేత ఒప్పించాలన్న ఆరాటం తెలుస్తుంది. ఎవరో పైనుంచి రుద్దితే ఇన్ని వాదనలు అక్కర్లేదు.

ఇదే లెక్కలోంచి బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టినరోజు జూన్ 24కు వచ్చింది. యేసు కంటే ఆరు నెలలు పెద్దవాడు కాబట్టి వేసవి అయనాంతాన పుట్టాడు. 'ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది' అని యోహాను అన్న మాటను ఆగస్టీన్ పగటి పొడవుకు ముడిపెట్టాడు. యోహాను పుట్టిన రోజు నుంచి పగలు తగ్గుతుంది, క్రీస్తు పుట్టిన రోజు నుంచి పెరుగుతుంది. ఇంత అందంగా కుదిరిన లెక్కను ఏ బోధకుడైనా వదులుకోవడం కష్టం. అదే సమయంలో సూర్యుడంటే మనసులో ఉన్న భక్తి అంత తొందరగా పోలేదు కూడా. 5వ శతాబ్దంలో పోప్ లియో, సెయింట్ పీటర్స్ గుడి మెట్లెక్కి లోపలికి వెళ్లేముందు వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి తలవంచే క్రైస్తవులను గట్టిగా మందలించాడు.

మిగతా చోట్లకు పండగ మెల్లగా పాకింది. అలెగ్జాండ్రియాలో 432 నాటికి ఉంది. యెరూషలేము మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. 380లలో అక్కడికి వెళ్లిన ఎజీరియా అనే యాత్రికురాలు జనవరి 6 పండగను కళ్లారా చూసింది. రాత్రంతా బేత్లెహేములో గడిపి, బిషప్‌తో కలిసి నడిచి, ఎదుటి మనిషిని పోల్చుకోగలిగేంత వెలుగు వచ్చే వేళకు యెరూషలేము చేరేవారని, ఎనిమిది రోజులు గుళ్లు పట్టు తెరలతో, బంగారంతో మెరిసేవని రాసింది. ఆ వర్ణన మొదలయ్యే చోట చేతిరాత ప్రతిలో ఒక ఆకు పోయింది. బేత్లెహేములోనే స్థిరపడ్డ పండితుడు జెరోమ్ డిసెంబర్ 25 వైపు మాట్లాడాడు, స్థానికులు వినలేదు. 6వ శతాబ్దం నడుమ కూడా యెరూషలేము వాళ్లు మాత్రమే పుట్టుకను జనవరి 6న చేసుకుంటున్నారని కాస్మస్ రాశాడు. మలబారు తీరంలో మిరియాలు పండే చోట క్రైస్తవులున్నారని రాసిన వర్తకుడు ఈయనే. ఆ తర్వాత యెరూషలేము కూడా మారింది. పశ్చిమాన 567లో టూర్స్ సభ రెండు తేదీలకూ మధ్య ఉన్న 12 రోజులనూ పండగ కాలంగా చూసింది.

అర్మేనియా సంఘం మారలేదు. ఇవాళ్టికీ యేసు పుట్టుకను, బాప్తిస్మాన్ని కలిపి జనవరి 6నే జరుపుకుంటుంది. ఇథియోపియా, ఐగుప్తు, రష్యా సంఘాల జనవరి 7 సంగతి వేరు. వాళ్లు పాటించేదీ డిసెంబర్ 25 నాటి లెక్కే, కాకపోతే 1582లో పోప్ గ్రెగరీ దిద్దిన కొత్త క్యాలెండర్ బదులు పాతదాన్ని అనుసరిస్తారు. యెరూషలేములోని అర్మేనియన్లు పాత తేదీనీ వదల్లేదు, పాత క్యాలెండర్‌నూ వదల్లేదు. వాళ్ల జనవరి 6 ఇప్పటి జనవరి 19 అవుతుంది. అందుకే బేత్లెహేములో ఒకే గుహ దగ్గర క్రిస్మస్ ఏటా మూడుసార్లు వస్తుంది. డిసెంబర్ 24 రాత్రి క్యాథలిక్కులు వస్తారు. జనవరి 6 రాత్రి గ్రీకు ఆర్థడాక్సులు, సిరియన్లు, ఐగుప్తు క్రైస్తవులైన కాప్టులు వస్తారు. అందరూ వెళ్లిపోయాక, జనవరి 18 రాత్రి అర్మేనియన్లు వచ్చి, రోమ్ జాబితా కంటే పాతదని తాము నమ్మే తేదీన ఆ గుహలో దీపాలు వెలిగిస్తారు.